ఎర్ర దారం సీసాలు

నా పని సీసాలు కడగడం. నార్కట్‌పల్లి దాటినాక హైవే మీద నుంచి లోపలికి మళ్లితే ఒక మందుల ఫ్యాక్టరీ ఉండేది. దాని వెనక మూలన మూడు గదుల ల్యాబ్, నడిమి గదిలో సింకు, సింకు ముందు నేను. తొంభైలలో ఆరేండ్లకు పైగా ఆ గచ్చు మీదే నిలబడ్డాను. నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కొని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకే నోటితో చెప్తున్నాను, మా చెల్లెలి బిడ్డ రాస్తున్నది. మధ్యమధ్య కలం ఆపి "గిది గూడ రాయాల్నా పెద్దమ్మా?" అంటుంది. అది రాయకుంటే మిగతాది దేనికి, రాయి అన్నాను.

మా ఆయన ఆ ఫ్యాక్టరీలోనే వ్యాను నడిపేవాడు. రక్తం పడుతుంటే మొలలని అనుకొని ఆరు నెలలు నాటు మందు తిన్నాడు. నల్లగొండ దవాఖానలో చూసి హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో చూసి పెద్దపేగులో క్యాన్సర్, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చివరి నెలంతా ఆయన గుడ్డలు నేనే ఉతికాను. రక్తం మరక చన్నీళ్లకు పోతుంది, వేడినీళ్లు పోస్తే గుడ్డను పట్టుకుంటుంది. ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఆయన పోయాక ఆయన జాగాలో నాకు పని ఇచ్చారు. అది లేకుంటే నాకు బావగారింట్లో గడప పక్క అర్ర ఒక్కటే దిక్కు. ఆ అర్రలో నేనూ మా అత్తా. ఆమె మంచం, నా చాప, నడుమ జొన్నల గుమ్మి. పుట్టిల్లు పాలమూరు దిక్కు. అన్నదమ్ములు కాలువలు తవ్వే పనికి ఎక్కడెక్కడికో పోయేవాళ్లు, ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ ఇంటికి తాళమే. కాబట్టి పొద్దున ఫ్యాక్టరీ గేటు లోపలికి పోవడం, సాయంత్రం బయటికి రావడం, ఆ నడిమి కాలమే నాది. మా అత్త దానికీ ఒక మాట అనేది.

"నా కొడుకు సచ్చిండని జీతమిచ్చి సాకుతాండ్రు దీన్ని. బతికున్నన్ని రోజులు వానికేం చేసింది?"

నేను జవాబు చెప్పేదాన్ని కాదు. చెప్తే ఆ అర్రలోనే మళ్లీ పడుకోవాలి కదా.

ల్యాబ్‌లో నాతో కలిపి ముగ్గురం. మేడం హైదరాబాద్ నుంచి ఫ్యాక్టరీ బస్సులో వచ్చేది. కోస్తా మాట, మెల్లగా మాట్లాడేది, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేది. రెండోవాడు భాయ్. నల్లగొండ వాస్తవ్యుడు, నాకంటే పదేండ్లు పెద్ద, కరెంటు పోతే జనరేటర్ వేయడం, సీసాలు పెట్టే వెచ్చని బీరువాను కాయడం ఆయన పని. నన్ను చెల్లే అని పిలిచేవాడు.

మొదట్లో ఏం జరుగుతుందో నాకు తెలియదు. కడిగిన సీసా ఆవిరి డబ్బాలో ఉడుకుతుంది, మేడం దాంట్లో ఎర్రటి రసం పోస్తుంది, వెచ్చని బీరువాలో పెడుతుంది, అంత వరకే చూశాను. కొన్ని సీసాల మెడకు తెల్ల దారం, కొన్నిటికి ఎర్ర దారం. ఒకదానివి ఒకదానిలో కలవొద్దని ఆ గుర్తు. ఒకరోజు అడిగాను, "ఏమున్నయ్ మేడం గీ సీసాలల్ల? గింత బందోబస్తు?"

మేడం కుర్చీ జరుపుకొని కూర్చుని చెప్పింది.

"పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలమ్మా. తెల్లదారంవి ఆరోగ్యంగా ఉన్నవి. ఎర్రదారంవి క్యాన్సర్ కణాలు. మన ఫ్యాక్టరీలో తయారయ్యే పొడి ఉంది కదా, రక్తంలో కొవ్వు తగ్గించేది. అది వీటిని ఏం చేస్తుంది, వాటిని ఏం చేస్తుంది, అదే చూస్తున్నా."

చేతిలో ఉన్న సీసాను సింకులో పెట్టేశాను. మా ఆయన కడుపులో ఉన్నది ఇక్కడ సీసాలో, బీరువాలో, వెచ్చగా. దానికి తిండి పెడుతున్నారు. దాని ఇల్లు నేను కడుగుతున్నాను.

"గవి బతికే ఉన్నయా మేడం?"

"బతకాలమ్మా. బతికి ఉంటేనే కదా మందు పనిచేసిందో లేదో తెలిసేది."

ఆ పొడి సంగతి కూడా ఆమే చెప్పింది. పచ్చళ్ల మీద పట్టే బూజులాంటిదే ఒకటి పెంచి దాంట్లోంచి తీస్తారట. ప్రతి కణానికీ తన చుట్టూ గోడ కావాలి, గోడకు కొవ్వు కావాలి, ఆ కొవ్వు తయారు కాకుండా ఈ మందు అడ్డం పడుతుంది. మామూలు కణం ఒకసారి గోడ కట్టుకొని కుదురుగా ఉంటుంది. క్యాన్సర్ కణం ఆగకుండా ఒకటి రెండు, రెండు నాలుగు అవుతూ కొత్త గోడలు కట్టుకుంటూనే ఉంటుంది. అందుకని దెబ్బ దానికే ఎక్కువ తగులుతుందేమో అని మేడం ఆశ. "ఏమో అంతే. తెలియదు. అందుకే చేస్తున్నాం" అన్నది.

నేను విన్నది మాత్రం ఒకటే. దెబ్బ దానికే.

ఇప్పుడు కడగడం గురించి చెప్పాలి. సబ్బు నీళ్లలో బ్రష్ వేసి రుద్దాలి, తర్వాత ఏడుసార్లు నీళ్లతో జాడించాలి, ఆపైన మేడం ఇచ్చే శుద్ధమైన నీళ్లతో మూడుసార్లు. గాజుకు సబ్బు కంటికి కనబడకుండా అంటుకొని ఉంటుందట, ఆ కాస్త సబ్బు చాలు కణాలు చావడానికి. ఏడు దాకా లెక్క రాక కాదు, నడుమ ఎవరైనా మాట్లాడిస్తే తప్పుతుంది. అందుకని సింకు గట్టు మీద ఏడు చింతగింజలు పెట్టుకున్నాను. ఒక జాడింపుకు ఒక గింజ ఇటు నుంచి అటు. మా అమ్మ కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఇట్లనే గింజలు జరిపేది. మొదటి రోజు మేడం చూసి నవ్వింది. తర్వాత ఆ గింజలు ఎవరూ ముట్టొద్దని భాయ్‌కి చెప్పింది. భాయ్ మాత్రం వచ్చినప్పుడల్లా "చెల్లే, ఎన్నోది?" అని అడిగి నన్ను తప్పించాలని చూసేవాడు. "మూడోది భాయ్, నువ్వు పో" అనేదాన్ని.

మరుసటి ఎండాకాలం బోరు అడుగంటింది. మా దిక్కు బోర్లు ఎండటం కొత్త కాదు. ఫ్యాక్టరీకి ట్యాంకర్ వచ్చేది, ల్యాబ్‌కు రోజుకు ఒక డ్రమ్ము పోసి వెళ్లేవాళ్లు. ఒకరోజు ట్యాంకర్ ఆలస్యమై సగం డ్రమ్మే వచ్చింది. తెల్లదారం సీసాలు ముందు కడిగాను, ఒక్కోదానికి ఏడు గింజలూ జరిపాను. ఎర్రదారం సీసాల దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ములో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. మేడంతో చెప్పొచ్చు. చెప్తే పని రేపటికి వాయిదా పడేది, ఇంకేం కాదు.

చెప్పలేదు. వీటికి ఇంత చాలు అనుకున్నాను. నాలుగు గింజలు జరిపి ఆపేశాను.

మరునాడు డ్రమ్ము నిండా నీళ్లు వచ్చాయి. అయినా ఎర్రదారానికి నాలుగే జరిపాను. ఇదే రాయమని మా చెల్లెలి బిడ్డకు నేను చెప్పింది. నీళ్లు లేక చేసిన పని ఒక్కరోజుదే. తర్వాత చేసిందంతా నేను కావాలని చేసింది. నాలుగు మూడయ్యాయి. ఎవరూ చూడటం లేదు. మా ఆయన గుడ్డలు ఎన్నిసార్లు ఉతికానో నాకు తెలుసు, వాటికెందుకు ఏడుసార్లు అనుకునేదాన్ని. చేతులు సబ్బుతో జారుతుంటే లోపల ఏదో చల్లబడ్డట్టు ఉండేది.

నెలన్నర అయింది. ఒక మధ్యాహ్నం మేడం మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తి భాయ్‌ని పిలిచింది, నన్నూ పిలిచింది. ఎర్రదారం సీసాలో కొంచెం మందు వేస్తేనే క్యాన్సర్ కణాలు గాజును వదిలేసి తేలిపోయాయట. అంతే మందు వేసిన తెల్లదారం కణాలు చెక్కుచెదరలేదట. మందు వేయని ఎర్రదారం సీసా ఒకటి పోల్చడానికి ఉంచుతారు, దాంట్లోవి కాస్త నీరసంగా ఉన్నాయన్నది. కరెంటు కోతల వల్ల అయి ఉంటుందన్నది. తనలో తనే అనుకున్నట్టు అన్నది, కానీ మొహం మీద వెలుగు ఆగలేదు. ఎందుకు నీరసంగా ఉన్నాయో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

భాయ్ ఒక అడుగు ముందుకు వేసి అడిగాడు.

"మేడం, మా పెద్దన్నకు గిదే బీమారి. నల్లగొండల టైలర్ పని చేస్తడు. ఆపరేషన్ చెయ్యాలంటాండ్రు. పేగు కోసి కడుపు మీద సంచి పెడ్తరట. సంచితోని మస్జిద్‌కు ఎట్ల పోవాలె, నన్ను గిట్లనే పోనియ్యుండ్రి అంటాండు. గీ పొడి ఇయ్యొచ్చా?"

"వద్దు భాయ్" అన్నది మేడం. "సీసాలో జరిగింది మనిషిలో జరుగుతుందని లేదు. ఆపరేషన్ తప్పదు. డాక్టర్లు చెప్పినట్టు వినండి."

మాట సరిగ్గానే చెప్పింది. కానీ అప్పటికే భాయ్ ఆమె మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. మేడం మాటను విడిచిపెట్టి ఆ వెలుగును పట్టుకొని పోయాడు.

రెండు రోజులకు సింకు దగ్గరికి వచ్చి చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి చూపించాడు. తెల్లటి పొడి. పొడి తయారయ్యే షెడ్డులో ఎవరినో అడిగి తెచ్చుకున్నాడట.

"చెల్లే, మేడం వద్దన్నది, నువ్వు చెప్పకు. సోమారం నాడు దవాఖానల చేరమన్నరు. పోము ఇగ. అన్నకు చెప్పిన, కోసుడు లేదు ఏం లేదు, సీసాలల్ల సచ్చినయ్, నీ కడుపుల గూడ సస్తయ్ అని. పొద్దుగాల నుంచి ఎన్నిసార్లు నవ్విండో. రెండు నెలలాయె వాడు నవ్వక."

"పోకుంటే ఎట్ల భాయ్?"

"నువ్వే చెప్పు, సీసాలు కడిగేది నువ్వు. నువ్వు చూసినవా లేదా, సచ్చినయా లేదా?"

"సచ్చినయ్" అన్నాను. అబద్ధం కాదు కదా, చచ్చినమాట నిజమే.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం నాకు ఇల్లు చేరే దారి తెలియలేదు. అర్రలో కూర్చున్నాను. చెప్తే పని పోతుంది. మేడం నెలన్నర కష్టం నీళ్ల పాలు చేసినదాన్ని ఎవరు ఉంచుకుంటారు? పని పోతే ఈ గుమ్మి, ఈ మంచం, ఈ చాప, పొద్దు లేచింది మొదలు మా అత్త నోరు. చెప్పకుంటే ఒక మనిషి దవాఖానకు పోడు. మా ఆయన నాటు మందు తింటూ ఆరు నెలలు ఇట్లనే నవ్వాడు, తక్కువైతాంది అన్నాడు. భాయ్ జేబులో పొట్లం, మా ఆయన డబ్బీలో చూర్ణం, నా కంటికి రెండూ ఒక్కటే అయ్యాయి. ఒకటి ఇంకొకరు ఇచ్చారు, ఇది నేను ఇస్తున్నాను.

"ఏమే, బువ్వ తినవా? ఎవన్ని సంపినవని గట్ల కూసున్నవ్?" అన్నది మా అత్త.

ఆమెకు అది రోజూ అనే మాటే. ఆ రోజు మాత్రం లేచి బయటికి వెళ్లి గోడకు ఆనుకున్నాను.

శనివారం పొద్దున మేడం కోటు తొడుక్కోకముందే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. భాయ్ అక్కడే బీరువా తలుపు తుడుస్తున్నాడు. ఆయన లేనప్పుడు చెప్దామని ముందు అనుకున్నాను. తర్వాత ఆయన వినాలనే అప్పుడే చెప్పాను.

"మేడం, ఎర్రదారం సీసాలకు ఏడుసార్లు జాడియ్యలే నేను. నాలుగే జాడిచ్చిన. కొన్నిట్కి మూడే."

మేడంకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నీళ్లు లేకనా?"

"ఒక్కనాడు నీళ్లు లేకనే. తర్వాత నీళ్లున్నయ్."

"ఎప్పటి నుంచి?"

"బోరు ఎండినకాడి నుంచి."

ఆమె గొంతు ఇంకా మెల్లగా అయింది. "తెల్లదారం వాటికో?"

"వాట్కి ఏడు."

"ఎందుకమ్మా?"

"మా ఆయనను తిన్నయ్ మేడం గవి."

మేడం కుర్చీలో కూర్చుంది. "అవి మీ ఆయనవి కావమ్మా. ఎక్కడో, ఎవరో, మనకు తెలియని మనిషివి. ఆ మనిషి పోయి ఎన్నేళ్లయిందో కూడా నాకు తెలియదు" అన్నది.

"నాకు అన్నీ ఒక్కటే."

ఆమె నోటుబుక్కు తెరిచింది. ఒక పేజీ మీద అడ్డంగా గీత గీసింది. తిప్పింది, ఇంకో గీత. తిప్పుతూనే ఉంది. సబ్బే వాటిని సగం చంపింది, మందు వేసేసరికి అవి పడిపోయాయి. నేను అనుకున్నదీ అదే, ఆమె చెప్పిందీ అదే. మందు ఎంత చేసింది, సబ్బు ఎంత చేసింది, ఇప్పుడు దేవునికి కూడా తెలియదన్నది.

భాయ్ చేతిలో గుడ్డ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నిన్న అడిగితే సచ్చినయ్ అన్నవ్ నాతోని" అన్నాడు.

"సచ్చినయ్ భాయ్. సబ్బుకు సచ్చినయ్. అన్నను దవాఖానకు తోల్కపో."

"వాడు నవ్విండని చెప్పిన గద నీకు."

"మా ఆయన గూడ నవ్విండు."

ఆయన జేబులోంచి పొట్లం తీశాడు. మేడం చూసింది. పొట్లం ఆమె బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నా దిక్కు చూడలేదు.

నేను చెంగు దోపుకొని నా డబ్బా, నా చింతగింజలు తీసుకున్నాను. ఇక పొమ్మంటుందని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే పొమ్మంటే బాగుండు అని కూడా ఒక మూలన ఉన్నది. ఆ సీసాలు ఇక ముట్టనక్కర లేదు కదా.

"ఎక్కడికి?" అన్నది మేడం.

"పని తీసేస్తరు గద."

"మళ్లీ మొదటి నుంచి చేయాలి. సీసాలు ఎవరు కడుగుతారు?"

"నన్ను షెడ్డులకు పంపుండ్రి మేడం. డ్రమ్ములు కడుగుత. ఎర్రదారంవి నాతోని కాదు."

"అవి నువ్వే కడుగుతావు. ముందు అవే కడుగుతావు, నేను ఇక్కడ నిలబడి చూస్తా. ఇంకొకళ్లయితే ఏడు ఎందుకో తెలియక ఎప్పుడో ఒకసారి ఆరుతో ఆపుతారు. నీకు తెలుసు." నోటుబుక్కు మూసి అన్నది, "పైవాళ్లతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు సింకు దగ్గరికి వెళ్లు."

అది కనికరమో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. పని పోలేదు, సింకూ పోలేదు.

మొదటి ఎర్రదారం సీసా తీసుకున్నాను. రుద్దాను. ఒక గింజ జరిపాను. రెండోది. నాలుగో గింజ దాకా చెయ్యి అలవాటుగా పోయింది, అక్కడ ఆగింది. మేడం చూస్తున్నది. ఐదోది జరిపాను. ఆరోది జరిపేటప్పుడు చివరి నెలలో తేలిన మా ఆయన పక్కటెముకలు కళ్ల ముందుకు వచ్చాయి. ఏడోది జరిపాను. ఆ సీసాను వెలుగుకు ఎత్తి చూశాను, గాజు ఎంత నిర్మలంగా ఉందంటే నా వేళ్లు అవతల నుంచి కనబడ్డాయి. ఆ క్యాన్సర్ కోసం కడిగినంత శుభ్రంగా నేను ఎన్నడూ ఏదీ కడగలేదు.

కొన్ని వారాలకు మేడం నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి ఒక కన్ను మూసుకొని చూడమన్నది. తెల్లదారంవి పరిచిన బండల్లా ఒకదానికొకటి ఆనుకొని కుదురుగా ఉన్నాయి. ఎర్రదారంవి ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి, నిండుగా ఉన్నాయి. మందు వేయని సీసా అది. నేను కడిగిన సీసా. అందులో అవి హాయిగా బతుకుతున్నాయి.

తర్వాత మందు వేసినవి చూపించింది. కొంచెం మందుకు ఈసారి ఏమీ కాలేదు. ఇంకా పెంచితే ఎర్రదారంవి ముడుచుకొని, గుండ్రంగా అయి, గాజు వదిలి తేలాయి. తెల్లదారంవి చాలా వరకు నిలబడ్డాయి. ఇంకా ఇంకా పెంచితే అవి కూడా వదిలేశాయి.

"అంటే పనిచేసినట్టా, చెయ్యనట్టా మేడం?"

"సీసాలో కొంత తేడా ఉంది. అది నిజం. కానీ ఇంత మందు మనిషి మింగే గోళీ నుంచి పేగు దాకా చేరదమ్మా."

"మా ఆయనకు ఇస్తే బతుకుతుండెనా?"

ఆమె చాలా సేపు ఆలోచించింది. అట్లా ఆలోచించినందుకు ఆమె మీద నాకు గౌరవం. "తెలియదు. బతికేవాడని మాత్రం నేను చెప్పలేను" అన్నది.

ఇంటికి వచ్చాను. మా అత్త మంచం మీద, నేను చాప మీద, నడుమ గుమ్మి. రేపు పొద్దున మళ్లీ వాటి ఇల్లు కడగాలి. అవి బతకాలి. అవి బతికితేనే నాకు ఆ గేటు తెరుచుకుంటుంది.

భాయ్ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. జనరేటర్ వేసి వచ్చేవాడు, సింకు పక్క నుంచి పోయేవాడు. అన్నను ఆ సోమవారమే ఒప్పించో, ఏడిపించో దవాఖానలో చేర్చాడని మేడం చెప్పింది. కోశారు, సంచి పెట్టారు. సంచి కనబడకుండా కుట్టుకున్న వదులు లాల్చీ తొడుక్కొని ఆ మనిషి మళ్లీ మిషన్ మీద కూర్చున్నాడని తర్వాత తెలిసింది. ఎన్నాళ్లు ఉంటాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వానలు పడి బోరులో నీళ్లు ఊరినాక ఒకరోజు ఎర్రదారం సీసా జాడిస్తున్నాను. వెనక అడుగుల చప్పుడు వచ్చి ఆగింది.

"చెల్లే" అన్నాడు. "ఎన్నోది?"

"ఆరోది భాయ్" అన్నాను. "మాట్లాడియ్యకు. ఇంకొకటున్నది."